ఊరికే అన్న మాటలు

తెలుగు నవలా చరిత్రలు తిరగేస్తుంటే నాకొక లోటు ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. వాటిలో రచయితలుంటారు, పత్రికలుంటాయి, ఉద్యమాలుంటాయి, వాదాలుంటాయి. చదివినవాళ్ళుండరు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గిన్నెలు సర్దేసి, పిల్లలు బడినుంచి వచ్చేలోగా దొరికిన గంటలో గోడకి చేరగిలబడి వారపత్రిక చదివిన స్త్రీ అసలే ఉండదు. ఎక్కడైనా కనిపించినా ఒక్క మాటలో తేలిపోతుంది: కాలక్షేపం పాఠకురాలు.

ఈ కాలక్షేపం అన్న మాటకి మన భాషలో ఒక చరిత్ర ఉంది. హరికథా కాలక్షేపం అన్నప్పుడు అది గౌరవమైన పని. అరుగుమీద పురాణ కాలక్షేపం చేసే పెద్దమనిషిని చూసి కాలం వృథా చేస్తున్నాడని ఎవరూ అనలేదు. అదే మాట ఆడవాళ్ళు చదివే నవల దగ్గరికి వచ్చేసరికి తిట్టయి కూర్చుంది. తన కాలం మీద తనకు హక్కున్నవాడు దాన్ని కథ వింటూ గడిపితే సంస్కారం. ఇంటిల్లిపాది వేళలకీ కాపలా కాసే మనిషి అందులోంచి ఒక గంట తనకోసం తీసుకుంటే సోమరితనం. కాబట్టి కాలక్షేపం సాహిత్యం గురించి మాట్లాడటమంటే ముందుగా ఎవరి కాలం, ఎవరి అనుమతితో గడిచింది అని అడగటమే.

కొన్నేళ్ళుగా నేను మా ఏ.ఎస్. రావు నగర్‌లోనూ చుట్టుపక్కల కాలనీల్లోనూ అరవై దాటిన స్త్రీలతో వాళ్ళు చదివిన సీరియళ్ళ గురించి, చూసిన సినిమాల గురించి మాట్లాడుతున్నాను. మాట్లాడిన ప్రతివాళ్ళూ మొదట ఒకే మాట అన్నారు. "ఏదో ఊరికే చదివేవాళ్ళం." "ఊరికే చూశామంతే." "ఊరికే అన్నాన్లే, రాసుకోకు." ఈ ఊరికే అన్న మాట వెనక ఏముందో తెలుసుకోవాలనే ఈ వ్యాసం. విమర్శకులు రాసింది చరిత్ర అయినప్పుడు, పాఠకురాళ్ళు ఊరికే అన్నది ఎందుకు చరిత్ర కాకుండా పోయింది? పోతే, దాంతోపాటు మనం ఏం పోగొట్టుకున్నాం?

ఈ ప్రశ్నకి ఏ.ఎస్. రావు నగర్ మంచి చోటు. 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే మన ఇసిఐఎల్, మొదలైంది. దాన్ని నిలబెట్టిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు (1914-2003) పేరు మీదే ఈ కాలనీ. ఆ సంస్థలో ఉద్యోగాల కోసం కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి కుటుంబాలు ఈ దిక్కుకి వచ్చాయి. పుట్టింటికీ అత్తింటికీ దూరంగా, పక్కింటివాళ్ళ యాస కూడా కొత్తగా వినిపించే చోట కాపురాలు పెట్టుకున్న స్త్రీలకి ముందు దొరికిన ఉమ్మడి విషయం ఏమిటంటే వారపత్రిక సీరియల్. ఒక ఇంట్లో ఆంధ్రప్రభ, ఒక ఇంట్లో ఆంధ్రజ్యోతి, ఇంకో ఇంట్లో యువ కొనుక్కుని మార్చుకునేవాళ్ళమని చాలామంది చెప్పారు. అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. సినిమాహాలు ఉండేది. ఇక్కడొక చౌరస్తాని రాధిక చౌరస్తా అని సినిమాహాలు పేరుతోనే పిలుస్తారు.

ఈ ప్రాంతానికి ఇంకో విశేషం ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా పల్లెలకి టీవీ కార్యక్రమాలు అందించే సైట్ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాల్లో పెట్టిన ఆ టీవీలు ఇసిఐఎల్‌లో తయారైనవే. ఆ ఏడాది పాటు పరిశోధకులు పల్లెల్లో మకాం వేసి ప్రేక్షకులు ఏం చూశారు, ఏం గ్రహించారు అని అధ్యయనం చేశారు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి ప్రేక్షకుడి అభిప్రాయం దేశానికి కావాలి కాబట్టి అడిగారు. ఆ టీవీలు తయారుచేసిన ఉద్యోగుల ఇళ్ళల్లో నవల చదువుతున్న స్త్రీని మాత్రం నీకేం నచ్చింది, ఎందుకు నచ్చింది అని ఎవరూ అడగలేదు. ఆమె అభిప్రాయంతో ఏ ప్రణాళికకీ పని లేదు.

అసలు తెలుగు స్త్రీలకి చదువు చెప్పటం మొదలైనప్పుడే వాళ్ళు ఏం చదవాలన్నది ఇంకొకరు నిర్ణయించటం కూడా మొదలైంది. వీరేశలింగం 1883లో స్త్రీల కోసం పెట్టిన పత్రిక పేరు సతీహితబోధిని. ఆయన మేలు కోరే పెట్టారు, సందేహం లేదు. కానీ ఆ పేరులో మూడు మాటలున్నాయి: సతి, హితం, బోధ. సంతోషం లేదు. స్త్రీ చదవటం ఇంటిని బాగుచేయటానికి, పిల్లల్ని పెంచటానికి, భర్తకి తగిన సహచరి కావటానికి. చదవటం బాగుంది కాబట్టి చదవటమనేది ఆ పట్టికలో లేదు.

ఆ సంతోషాన్ని తెచ్చినవాళ్ళని సాహిత్య చరిత్ర గుమ్మం బయటే నిలబెట్టింది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912-1975) వెయ్యికి పైగా నవలలు రాశారు. చిన్న పుస్తకాలు, చవక ధర, రైల్వే స్టేషన్లలో అమ్మకం. అందుకని వాటికి రైల్వే సాహిత్యమని పేరు పెట్టారు. జంపన చంద్రశేఖరరావు కూడా ఆ కోవలోనే రాశారు. ఈ పుస్తకాలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారని పెద్దలు కట్టడి చేశారు. కట్టడి చేసిన కొద్దీ అవి బియ్యం డబ్బాల వెనక్కి, పరుపుల కిందికి చేరాయి. నాతో మాట్లాడిన ఒకావిడ, ఇప్పుడు ఎనభై దాటిన మనిషి, తన తల్లి గురించి చెప్పింది. "మా అమ్మకి రామకోటి రాయటం వచ్చు గాని చదవటం అంతంతమాత్రం. కొవ్వలి పుస్తకం చదవాలనే అక్షరాలు కూడబలుక్కుంది. ఆవిడకి రామాయణం చదవటం వచ్చింది కొవ్వలి వల్లే." ఊరికే అన్న మాటే. కానీ స్త్రీల అక్షరాస్యత చరిత్ర రాసేవాళ్ళు పాఠశాలల లెక్కలు చూస్తారే గాని, దొంగచాటుగా చదివిన నవల దగ్గర అక్షరాలు కూడిన స్త్రీని చూడరు.

1960ల నుంచి పరిస్థితి తిరగబడింది. వారపత్రికలు, మాసపత్రికలు పెరిగాయి. చదువుకున్న స్త్రీలు పెరిగారు. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ, కోడూరి కౌసల్యాదేవి, ద్వివేదుల విశాలాక్షి, వాసిరెడ్డి సీతాదేవి, లత, పోల్కంపల్లి శాంతాదేవి - వీళ్ళందరినీ ఒక గాటన కట్టటం కుదరదు, ఒక్కొక్కరి దారి ఒక్కొక్కటి. పాఠకురాళ్ళు మాత్రం అందరినీ చదివారు. పత్రిక నిలబడాలంటే రచయిత్రి సీరియల్ ఉండాలనే స్థితి వచ్చింది. కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన యద్దనపూడి 'సెక్రటరీ' 1976లో సినిమా అయింది. 'మీనా', 'జీవన తరంగాలు' 1973లోనే తెరకెక్కాయి.

ఈ దశలో ఒక వింత జరిగింది. కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాయటం మొదలుపెట్టారు. అన్నిటికంటే ముచ్చటైన ఉదాహరణ పురాణం సుబ్రహ్మణ్యశర్మగారిది. ఆంధ్రజ్యోతి వారపత్రికకి సంపాదకుడైన ఆయన, 'పురాణం సీత' పేరుతో 'ఇల్లాలి ముచ్చట్లు' అనే శీర్షిక రాశారు. ఒక గృహిణి వంటింట్లోంచి లోకాన్ని చూసి ఊరికే అన్నట్టు అనే మాటలవి. ఎంతో పేరు వచ్చింది. ఆయన చమత్కారాన్ని తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. నేను చూసేది ఇంకొకటి. ఇల్లాలి మాటకి ఒక విలువుందని, దానికొక తీరుందని, దాన్ని అచ్చువేస్తే పాఠకులు ఎగబడి చదువుతారని ఆ సంపాదకుడికి తెలుసు. అదే పత్రిక చదివి నిజంగా ముచ్చటించుకున్న ఇల్లాళ్ళకి మాత్రం ఉత్తరాల పేజీలో నాలుగు పంక్తుల చోటు. అక్కడ కూడా సీరియల్ రసవత్తరంగా సాగుతోందని, తరువాయి భాగం కోసం ఎదురుచూస్తున్నామని ఒక మర్యాద భాష ఉండేది. ఆ ఉత్తరాలు కూడా కొందరు కొడుకు పేరుతోనో మరిది పేరుతోనో రాశారు. అలా రాసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు.

మరి అచ్చుకాని అభిప్రాయాలు ఎక్కడున్నాయి? నాకు కొన్ని బైండు పుస్తకాల్లో దొరికాయి. ఆ రోజుల్లో వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టో బైండు చేయించో దాచుకోవటం చాలా ఇళ్ళల్లో ఉండేది. నవల కొనే స్తోమత లేనివాళ్ళు సొంతంగా తయారుచేసుకున్న పుస్తకాలవి. చేతులు మారే కొద్దీ వాటి అంచుల్లో పెన్సిలు రాతలు చేరాయి. నేను చూసిన ఒక బైండులో నాయిక అవమానాన్ని దిగమింగే ఘట్టం పక్కన ఒక దస్తూరీ "పాపం" అని రాసింది. దాని కింద ఇంకో దస్తూరీ "పాపం ఏమిటి, లేచి వెళ్ళొచ్చుగా" అంది. మూడో దస్తూరీ ఒక్క మాటే రాసింది: "ఎక్కడికి?" ఈ మూడు పంక్తుల్లో ఉన్న చర్చని మన విమర్శ తర్వాత పుస్తకాలకి పుస్తకాలుగా చేసింది.

యద్దనపూడి నవలల మీద మొదట్నుంచీ ఉన్న విమర్శ తెలిసిందే. ఆరడుగుల అందగాడు, పొడుగాటి కారు, ఆత్మాభిమానం గల పేదింటి పిల్ల, చివరికి ఆ అభిమానమంతా పెళ్ళిలో కరిగిపోవటం. స్త్రీలని కలల్లో ముంచుతాయన్నారు. అభ్యుదయ విమర్శా అదే అంది, స్త్రీవాద విమర్శా చాలావరకు అదే అంది. ఆ నవలలు ఇచ్చే ముగింపులు చూస్తే అందులో నిజముంది. అయితే చదివినవాళ్ళు ముగింపునే ఇంటికి పట్టుకెళ్ళారా? 'సెక్రటరీ' గురించి అడిగితే రాజశేఖరం గురించి చెప్తారనుకున్నాను. ముగ్గురు వేరువేరుగా జయంతి ఉద్యోగం గురించి చెప్పారు. "ఆవిడ జీతం తీసుకొచ్చి ఇల్లు నడుపుతుంది చూడు, ఆ పేజీలే మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. పెళ్ళి సంగతి మనకి తెలిసిందేగా" అంది ఒకావిడ. పెళ్ళి సంగతి తెలిసిందే కావటం వల్ల, తెలియని జీతం సంగతే ఆమెకి కథయింది.

అమెరికాలో జానిస్ రాడ్వే 1984లో రాసిన 'రీడింగ్ ది రొమాన్స్' పుస్తకంలో దీనికి దగ్గరి విషయమే ఉంది. ఒక చిన్న ఊళ్ళో రొమాన్సు నవలలు చదివే స్త్రీలతో మాట్లాడితే, ఆమెకి రెండు సంగతులు విడివిడిగా కనిపించాయి. కథ చెప్పేది పాత పితృస్వామ్యాన్నే. చదవటమనే పని మాత్రం ఆ స్త్రీలకి ఇంటి చాకిరీలోంచి కాసేపు తప్పుకోవటం, ఈ గంట నాది అని ప్రకటించుకోవటం. మన దగ్గర ఆ ప్రకటన కూడా బాహాటంగా ఉండదు. పుస్తకం చేతిలో ఉన్నా చెవి కుక్కరు కూత మీద ఉంటుంది. ఎవరైనా వస్తే పుస్తకం పక్కన పెట్టి, "ఊరికే చూస్తున్నా" అంటాం. ఊరికే అన్నది ఇక్కడ వినయం కాదు, కవచం. నాకిది ముఖ్యం అని చెప్పిన మరుక్షణం దాన్ని లాక్కునే అవకాశం ఉన్నచోట, ముఖ్యమైనదాన్ని ఊరికే అన్నట్టు పట్టుకోవటం స్త్రీలు నేర్చుకున్నారు.

ఈ మాట చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. స్త్రీలు ఇష్టపడ్డారు కాబట్టి అంతా మంచిదేనని అనటం విమర్శ కాదు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్‌గా వచ్చింది. ఒక చిన్నపిల్ల మీద చేతబడి, కాష్మోరా, ఒకవైపు వైద్యం, ఒకవైపు మంత్రం. పాఠకులు ఊగిపోయారు. ఆ వరవడిలో వచ్చినదానికి క్షుద్ర సాహిత్యమని పేరు పడింది. రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని పుస్తకమే రాశారు. చేతబడి, బాణామతి నెపాలతో మనుషుల్ని కొట్టి చంపుతున్న రాష్ట్రంలో, ఆ నమ్మకానికి సగం సైన్సు సగం మంత్రం కలిపి ఊతమివ్వటం ఆటవిడుపు కాదన్న కోపం న్యాయమైనదే. అలాంటి నేరారోపణలకి బలైనవాళ్ళలో దిక్కులేని ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. భయమేసింది, భలే ఉంది అన్న మాటకి ఆ చివర ప్రాణాల ఖరీదు ఉంది.

అయినా ఆ రోజుల్లో చిన్నపిల్లల తల్లులుగా ఉండి ఆ సీరియల్ చదివినవాళ్ళని కదిపితే కాష్మోరా మాట చివర్లో వస్తుంది. "పిల్లకి జబ్బేమిటో డాక్టర్లకి తెలియటం లేదు, రోజురోజుకీ నీరసించిపోతోంది. నాకు దడ పుట్టింది అక్కడే. మా వాడికి అప్పుడు ఫిట్స్ వచ్చేవి" అని ఒకావిడ చెప్పింది. పెద్దాసుపత్రి వరండాలో బిడ్డని ఒళ్ళో వేసుకుని కూర్చున్న తల్లి భయానికి ఆనాటి మన అభ్యుదయ కథలో ఎంత చోటుంది? ఆ ఖాళీలోకే మంత్రగాడు వచ్చాడు. రంగనాయకమ్మ విమర్శ పుస్తకాన్ని చదివింది, సరిగానే చదివింది. చదివిన తల్లి ఎందుకు చదివిందో కూడా తెలిసి ఉంటే ఆ విమర్శకి ఇంకో చేయి బలం వచ్చేది. ఇంకొకటి గమనించాలి. ఈ కాలానికి పత్రికల్లో పెద్ద సీరియల్ రచయితలుగా మళ్ళీ మగవాళ్ళు వచ్చారు. రాసే చేతులు మారాయి. పత్రికని నిలబెట్టిన పాఠకురాళ్ళు చాలావరకు వాళ్ళే.

సినిమా విషయంలో ఈ తేడా ఇంకా స్పష్టం. మగ ప్రేక్షకుడి అభిప్రాయానికి మన దగ్గర సంస్థలున్నాయి. అభిమాన సంఘం ఉంది, దానికి అధ్యక్షుడున్నాడు, బ్యానరుంది, పూలదండ ఉంది, మొదటాట ఈలలున్నాయి. పరిశోధకులు కూడా తెలుగు సినిమా ప్రేక్షకుల మీద రాసినప్పుడు అభిమాన సంఘాల మీదే ఎక్కువ దృష్టి పెట్టారు. ఆడ ప్రేక్షకుల అభిప్రాయం మాత్రం పంపిణీదారుల నోట్లో "లేడీస్ ఆడియన్స్" అనే ఒక అంకెగా మిగిలింది. లేడీస్ వస్తున్నారు, మ్యాట్నీలు నిండుతున్నాయి అంటే సినిమా నిలబడుతుంది. ఎందుకొస్తున్నారన్న ప్రశ్నకి, ఏడుపు సినిమా కాబట్టి, దేవుడి సినిమా కాబట్టి అని సిద్ధంగా జవాబుంది.

'పాతాళభైరవి' (1951) దగ్గర్నుంచి విఠలాచార్య 'జగన్మోహిని' (1978) దాకా, అక్కణ్ణుంచి కోడి రామకృష్ణ 'అమ్మోరు' (1995) దాకా జానపదం, దయ్యం, దేవత కలగలిసిన సినిమాలు మనకి పెద్ద సంప్రదాయం. విమర్శకులు వీటిని పట్టించుకున్నది తక్కువ. 'అమ్మోరు' వచ్చినప్పుడు కంప్యూటరు మాయల గురించి అంతా రాశారు. ఈ కాలనీ నుంచి అయిదారుగురు కలిసి మ్యాట్నీకి వెళ్ళొచ్చిన స్త్రీల్లో ఒకావిడ నాతో అన్న మాట ఇంకోలా ఉంది. "దేవుడు ప్రత్యక్షమై వరాలివ్వటం చాలా సినిమాల్లో చూశాం. దిక్కులేని కోడలికి ఇంటిపనిలో సాయం చెయ్యటానికి పనిపిల్లలా రావటం దీన్లోనే చూశాం. మాకు అలాంటి దేవుడు కావాలి." నవ్వేసి, "ఊరికే అన్నాలే" అంది. భక్తి సినిమా స్త్రీలని మూఢత్వంలో ఉంచుతుందని మనం చెప్పేదానికి ఈ మాట పూర్తిగా అడ్డం రాదు. కానీ అందులో ఒక ఫిర్యాదుంది. ఇంటి చాకిరీలో పాలు పంచుకునే మనిషి ఈ భూమ్మీద దొరకడని తేల్చుకున్న స్త్రీ చేసిన ఫిర్యాదు.

పిల్లల పత్రికలదీ ఇదే కథ. చందమామ 1947 జులైలో మొదలైంది. 1952 నుంచి 1980 దాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పేరు గాని, ఉత్కంఠతో ఊపేసిన సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు గాని చాలామంది పాఠకులకి తెలియదు. పేరు లేకుండా రాసినవాళ్ళ పత్రికని పేరు లేకుండా చదివినవాళ్ళున్నారు. చందా పిల్లవాడి పేరు మీద ఉండేది. పోస్టులో రాగానే ముందు చదివేది తల్లి. "పిల్లలకి చదివి వినిపించాలని" అన్న మిష ఉండటం వల్ల చందమామ దాచుకుని చదవాల్సిన అవసరం లేకపోయిందని ఒకావిడ నవ్వుతూ చెప్పింది. ఆవిడ కూతురికి అప్పుడు ఏడేళ్ళు. రాజుగారు అర్ధరాజ్యమిచ్చి కూతురినిచ్చి పెళ్ళి చేశాడని చదువుతుంటే ఆ పిల్ల ఆపి, "రాజ్యం సగమే ఇచ్చి, కూతురిని మాత్రం మొత్తం ఇచ్చేశాడా?" అని అడిగిందట. ఇంట్లో అందరూ నవ్వారు. తల్లికి మాత్రం ఆ ప్రశ్న నలభై ఏళ్ళయినా గుర్తుంది. జానపద కథల్లో స్త్రీ మారకపు వస్తువు కావటం గురించి నేను చదివిన వ్యాసాలేవీ ఇంత పొట్టిగా చెప్పలేదు.

ఇంతవరకూ నేను చెప్పినవన్నీ జీతం వచ్చే ఇళ్ళ స్త్రీల మాటలు. ఆ మధ్యాహ్నపు గంట వాళ్ళకి దొరికిందంటే, వాళ్ళ ఇళ్ళల్లో గిన్నెలు ఇంకో స్త్రీ తోమింది కాబట్టి కూడా దొరికింది. ఆ స్త్రీ కూడా సీరియల్ వినేది. "అమ్మగారు చదివిందాక పనిచేస్తూ వినేదాన్ని, మిగతాది మా బస్తీల జెప్పేదాన్ని" అని ఇళ్ళల్లో పనిచేసి ఇప్పుడు మానేసిన ఒకావిడ చెప్పింది. చదవనివాళ్ళు కూడా ఆ నవలలకి శ్రోతలు, మళ్ళీ చెప్పేవాళ్ళు. మళ్ళీ చెప్పినప్పుడు కథ మారేదా అని అడిగితే, "కారు సంగతి ఎక్కువ చెప్పకపోయేది, ఎవలు నమ్మరు" అంది. నమ్మదగినదేమిటో నిర్ణయించటం విమర్శకాక మరేమిటి?

వరంగల్ వైపు నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చిన ఇంకొకావిడ సూటిగా అడిగింది. "గా నవలలల్ల మా మాట ఎవలు మాట్లాడుతరు? మాట్లాడితే పనోళ్ళు మాట్లాడుతరు. సినిమాలల్ల రౌడీలు మాట్లాడుతరు. అయినా సదివినం. ఏం జేద్దుం, గవ్వే దొరికినయి." 2014లో తెలంగాణ వచ్చింది. అంతకు చాలా ముందే, తన యాస ఏ పాత్ర నోట్లో ఉందో లెక్కపెట్టుకుంటూ ఒక స్త్రీ వారపత్రిక చదివింది. ఈ లెక్క ఏ సాహిత్య చరిత్రలోనూ నమోదు కాలేదు. స్త్రీవాద కవిత్వ సంకలనం 'నీలిమేఘాలు' 1993లో వచ్చింది. దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చిన 'నల్లపొద్దు' ఆ తర్వాత వచ్చింది. ఈ రెండింటికీ మధ్య జరిగిన వాదన, స్త్రీలంటే ఏ స్త్రీలు అన్న వాదన, పుస్తకాల కంటే ముందు ఇలాంటి మాటల్లో జరిగి ఉంది.

పాఠకురాలి జ్ఞాపకానికి ఎంత బలముందో 2016లో ఒకసారి బయటపడింది. 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు, ఇది 'మీనా' నవలలా ఉందని పాత పాఠకులు వెంటనే పట్టేశారు. యద్దనపూడి పేరు గురించి చర్చ జరిగింది. నలభై ఏళ్ళ కిందట ఊరికే చదివిన నవలని ఆ స్త్రీలు సన్నివేశాలతో సహా గుర్తుపెట్టుకున్నారు. 2018లో యద్దనపూడి చనిపోయినప్పుడు వచ్చిన నివాళుల్లో ఎక్కువమంది చెప్పుకున్నది కూడా ఆమె నవలల గురించి కంటే, వాటిని తాము ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి తెలియకుండా చదివామన్న సంగతే.

చదువరుల చరిత్ర రాయటానికి ఆధారాలు లేవని అంటూంటారు. ఉన్నాయి, కానీ ఎక్కువ రోజులు ఉండవు. ఈ కాలనీ 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. పాత ఇళ్ళు ఒక్కొక్కటిగా బిల్డరుకిచ్చి అపార్టుమెంట్లు కట్టిస్తున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటకమీద బైండులు ముందుగా తూకానికి వెళ్తాయి. వాటికి అచ్చుపుస్తకం ధర కూడా రాదు, చిత్తుకాగితాల ధరే. అంచుల్లో పెన్సిలుతో రాసిన "ఎక్కడికి?" కూడా ఆ కిలోల్లోనే పోతుంది.

మన విశ్వవిద్యాలయాల్లో నవలల మీద ఎం.ఫిల్‌లు, పిహెచ్.డి.లు బోలెడు వచ్చాయి. ఫలానా రచయిత్రి నవలలు, ఒక పరిశీలన. ఆ పరిశోధకురాళ్ళ ఇళ్ళల్లోనే ఆ నవలల్ని సీరియల్‌గా చదివిన అమ్మలు, అత్తలు, పెద్దమ్మలు ఉన్నారు. వాళ్ళని నాలుగు విషయాలు అడిగి రాసుకుంటే చాలు. ఏం చదివారు? ఆ వేళ ఎలా దొరికింది? పుస్తకం ఎవరిచ్చారు, ఎవరినుంచి దాచారు? చదివాక ఎవరితో ఏమన్నారు? నాలుగో ప్రశ్న అడిగినప్పుడు కొంచెం ఓపిక పట్టాలి. ముందు "ఊరికేనమ్మా" అంటారు. అక్కడ కలం మూసెయ్యకూడదు. అసలు మాట దాని తర్వాతే వస్తుంది.